పరదేశీ పంక్తి: సూరత్ కోఠీ నుండి కొరియా భోజనశాల దాకా

గుజరాతీ భాషలో ఒక సామెత ఉంది. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలి అని దాని భావం. మన తెలుగువారికి సూరత్ అనగానే చీరలు, వజ్రాల సానపట్టే పని, మరమగ్గాలు గుర్తుకు వస్తాయి. కాని గుజరాత్‌లో ఎవరిని అడిగినా ముందు తిండి సంగతే చెబుతారు. చలికాలంలో ఊంధియూ, లేత జొన్న గింజలను కాల్చి తినే పోంక్, శనగపిండిని ఆవిరిమీద ఉడికించి చేసే లోచో, చాందనీ పడవో నాడు నెయ్యి కారుతూ ఉండే ఘారీ. ఇవన్నీ సొంత వంటలు. ఈనాటి మన పాఠం సొంత వంటల గురించి కాదు. పరాయి దేశపు వంటను, ఇంటి బయట, డబ్బిచ్చి కూర్చుని తినడం అనే అలవాటు మన దేశంలోకి ఎలా వచ్చిందో చూద్దాం. ఉదాహరణకు కొరియా భోజనశాలను తీసుకుందాం. ఇప్పుడు మన నగరాలలో యువతరం ఎక్కువగా ముచ్చటపడుతున్న పరదేశీ భోజనాలలో అదొకటి.

తిండి కూడా చరిత్రేనా అని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు చెప్పడం తేలిక. ఒక సమాజంలో ఎవరు ఎవరి పక్కన కూర్చుని తిన్నారు, ఎవరు కూర్చోలేదు అన్న ప్రశ్నకు జవాబు వెతకడం కష్టం. కాని సమాజం లోపలి అమరిక ఆ పంక్తిలోనే బయటపడుతుంది. సూరత్ ఈ పరిశీలనకు తగిన ఊరు. ఎందుకో చూద్దాం.

తాపీ నది ఒడ్డున ఉన్న ఈ పట్టణం మొగలుల కాలంలో పడమటి సముద్రం మీద అతి ముఖ్యమైన రేవు. మక్కా యాత్రికులు ఇక్కడే ఓడ ఎక్కేవారు. 1612లో సువాలీ దగ్గర జరిగిన సముద్రపు పోరులో థామస్ బెస్ట్ నాయకత్వంలోని ఇంగ్లీషువారు పోర్చుగీసువారిని నిలువరించారు. ఆ మరుసటి ఏడు, 1613లో, మొగలు అనుమతితో ఇంగ్లీషువారి వర్తకస్థావరం సూరత్‌లో వెలసింది. దీన్నే ఫ్యాక్టరీ అనేవారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆనాటి ఫ్యాక్టరీలో యంత్రాలు లేవు, ఏమీ తయారయ్యేది కాదు. ఫ్యాక్టర్ అంటే కంపెనీ తరపు వర్తక గుమాస్తా. ఆ గుమాస్తాలు ఉండే ఇల్లు, సరుకు దాచే కొట్టు, లెక్కలు రాసే గది, భోజనశాల, ప్రార్థన గది, అన్నీ ఒకే ప్రహరీలో ఉంటే అది ఫ్యాక్టరీ. మనవాళ్ళు కోఠీ అన్నారు. ఆ మాటే బాగుంది కనుక మనమూ అదే వాడుదాం. మన తీరంలో మచిలీపట్నం కోఠీ దీనికంటే రెండేళ్ళు పెద్దది, 1611 నాటిది. డచ్చివారు మచిలీపట్నానికి అంతకు ముందే వచ్చారు. సూరత్‌లోనూ 1610ల చివరికల్లా స్థిరపడ్డారు.

1638లో మాండెల్‌స్లో అనే జర్మన్ యాత్రికుడు సూరత్ కోఠీలో అతిథిగా ఉన్నాడు. రోజూ అందరూ కలిసినప్పుడు తేనీరు తాగేవారని రాశాడు. ఇంగ్లాండులో తేనీరు ఇంకా వాడుకలోకి రాని రోజులవి. అంటే ఇంగ్లీషువాడి ప్రాణంలాంటి తేనీటిని ఇంగ్లీషువాడు సూరత్‌లో ముందు తాగాడన్నమాట!

కోఠీ భోజనాన్ని పూర్తిగా కళ్ళకు కట్టినవాడు జాన్ ఓవింగ్టన్. 1689లో సూరత్‌కు వచ్చి కోఠీలో మతగురువుగా పనిచేశాడు. తన ప్రయాణ గ్రంథాన్ని 1696లో లండన్‌లో అచ్చువేయించాడు. అతను సూరత్‌కు రావడానికి రెండేళ్ళ ముందే కంపెనీ తన పడమటి ప్రధాన కేంద్రాన్ని బొంబాయికి మార్చింది. అయినా సూరత్ బల్ల వైభవం తగ్గలేదు. ఓవింగ్టన్ చెప్పిన ప్రకారం అధ్యక్షుడి నుండి చిన్న గుమాస్తా వరకు అందరికీ భోజనం ఒకే చోట, ఒకే బల్ల దగ్గర. కాని ఎవరి కుర్చీ ఎక్కడో కొలువులోని హోదాను బట్టి నిర్ణయమై ఉండేది. పళ్ళాలు, గిన్నెలు బరువైన వెండివి. తినే ముందు, తిన్న తరువాత నౌకరు వెండి చెంబుతో చేతులమీద నీళ్ళు పోసేవాడు. ఇది మన ఆచారమే. షిరాజ్ ద్రాక్షసారా, అరక్ ఉండేవి. ఆదివారాలు, పండుగ రోజుల్లో జింకమాంసం, నెమలి, కుందేలు, పర్షియా నుండి వచ్చిన ఎండుపళ్ళు అదనం.

వంటవారు ముగ్గురు. ఒకరు ఇంగ్లీషువాడు, ఒకరు పోర్చుగీసు, ఒకరు మనవాడు. ఎవరి కడుపుకు ఏది సరిపడితే అది దొరకాలని ఈ ఏర్పాటు. పులావు, కబాబు, నెయ్యి, బాదం, ఎండుద్రాక్షలతో దమ్ము పెట్టిన కోడి బల్ల మీదికి వచ్చేవి. ఇన్ని భాషల వంటలు ఒకే బల్ల మీద దొరికే చోటు ఆనాడు లండన్‌లోనే ఎన్ని ఉండేవో!

ఆ భోజనంలో ఆకలి రేపడానికి పెట్టిన నంజుళ్ళలో మూడింటిని ఓవింగ్టన్ ప్రత్యేకించి చెప్పాడు. వెదురు ఊరగాయ, మామిడి ఊరగాయ, మూడవది సోయా పులుసు. మామిడి ఊరగాయ మనకు కొత్త కాదు. వెదురు మొలకల ఊరగాయ కూడా మన దేశంలో ఉన్నదే. సోయా పులుసు మాత్రం వేల మైళ్ళు సముద్రం మీద వచ్చింది. దాని దారిని కొంచెం వెతుకుదాం.

సోయా అనే ఐరోపా మాట జపాను వారి షోయు నుండి డచ్చివారి నోటిమీదుగా వచ్చింది. 1641 నుండి జపానులో ఐరోపావారిలో ఒక్క డచ్చివారికే వ్యాపారానికి అనుమతి ఉండేది. అదీ నాగసాకి రేవులోని దేజిమా అనే చిన్న కృత్రిమ ద్వీపంలో. కనుక ఆనాడు జపాను సరుకు ఐరోపావారి చేతికి రావాలంటే సాధారణంగా డచ్చి ఓడలే దారి. నాగసాకి నుండి బటావియాకు, అంటే నేటి జకార్తాకు, అక్కడి నుండి ఆసియా అంతటా ఉన్న తమ కోఠీలకు వారు సరుకు పంపేవారు. తత్వవేత్త జాన్ లాక్ 1679లోనే తన దినచర్యలో మామిడి ఊరగాయను, సోయా పులుసును తూర్పు ఇండియా నుండి వచ్చే రెండు నంజుళ్ళుగా కలిపి రాసుకున్నాడు. జపాను వస్తువు ఇండియా వస్తువుగా లండన్‌లో పేరు పొందింది. మధ్యవర్తి పేరే సరుకు పేరు కావడం వర్తక చరిత్రలో తరచూ జరిగేదే.

సోయా గింజలను పులియబెట్టి చేసే ఈ పులుసు తూర్పు ఆసియా మూడు దేశాలకూ ఉమ్మడి ఆస్తి. కొరియాలో దీన్ని గాన్‌జాంగ్ అంటారు. దానికి ముద్దరూపంలో ఉండే తోబుట్టువు దోయెన్‌జాంగ్. మిరపపొడి కలిసిన ఎర్రముద్ద గోచుజాంగ్. కొరియా వంట మొత్తం ఈ మూడు కుండల మీద నిలబడి ఉంది. ఈ పులియబెట్టే విద్యను 2024 డిసెంబరులో యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. అంటే సూరత్‌లో కొరియా రుచికి దగ్గరి చుట్టమైన ఒక సీసా 1689లోనే బల్ల మీద ఉంది. కొరియా వంట మాత్రం రాలేదు. రావడానికి ఆనాడు మార్గమే లేదు. కొరియా తలుపులు మూసుకుని ఉన్న రాజ్యం. 1653లో డచ్చి కంపెనీ ఓడ ఒకటి జెజు దీవి దగ్గర పగిలిపోగా ఒడ్డెక్కిన నావికులను అక్కడి రాజు దేశం దాటనివ్వలేదు. వారిలో హెండ్రిక్ హామెల్ అనే గుమాస్తా పదమూడేళ్ళ తరువాత 1666లో కొందరితో కలిసి పడవలో జపానుకు పారిపోయాడు. అతను కంపెనీకి సమర్పించిన నివేదిక 1668లో అచ్చయింది. కొరియా ప్రజల జీవితం గురించి ఐరోపాకు తెలిసిన తొలి వివరమైన వృత్తాంతం అదే.

మన దేశానికి, కొరియాకు ఇంకా పాత సంబంధం ఉందని మీరు విని ఉంటారు. క్రీ.శ. 48లో అయుత అనే దేశపు రాకుమారి సముద్రం దాటి వెళ్ళి కొరియా రాజును పెళ్ళాడిందని పదమూడవ శతాబ్దపు కొరియా గ్రంథం సామ్‌గుక్ యూసా చెబుతుంది. ఆ అయుత మన అయోధ్యే అని చాలామంది నమ్ముతారు. రెండు దేశాల పెద్దలు కలిసిన ప్రతి విందులోనూ ఈ కథ తప్పకుండా వినిపిస్తుంది. విందుకు అందమే. కాని సంఘటన జరిగిందన్న కాలానికి, రాసిన కాలానికి మధ్య పన్నెండు వందల ఏళ్ళు ఉన్నాయి. చరిత్ర విద్యార్థి దాన్ని నమ్మకంగా గౌరవించవచ్చు గాని ఆధారంగా వాడుకోకూడదు.

నిజంగా మనల్నీ కొరియావారినీ కలిపే బంధువు వేరొకటి ఉంది. మిరపకాయ. దాని పుట్టిల్లు అమెరికా ఖండం. కొలంబసు తరువాత పోర్చుగీసు ఓడలు పదహారవ శతాబ్దంలో దాన్ని మన పడమటి తీరానికి చేర్చాయి. అంతకు ముందు మన కారం అంతా మిరియాలదే. మిరప అన్న పేరులో మిరియం ఇంకా దాగి ఉంది. అదే శతాబ్దం చివరి రోజుల్లో మిరప జపాను మీదుగా కొరియాకు చేరింది. 1614లో యీ సుగ్వాంగ్ అనే పండితుడు తన గ్రంథంలో దీన్ని ప్రస్తావించాడు. ఎలా ప్రస్తావించాడో చూడండి. ఇది జపాను నుండి వచ్చిందని, విషమని, సారాకొట్ల వారు దీన్ని పెంచి ఘాటైన సారాలో కలిపి అమ్ముతున్నారని, తాగినవారు చాలామంది చచ్చిపోయారని రాశాడు. చచ్చిపోవడం సంగతి అలా ఉంచుదాం. కొరియాలో మిరపకాయ తొలిసారి పుస్తకానికి ఎక్కింది బాటసారులు తాగే, తినే అంగడి మూలంగానే అన్నది మన పాఠానికి ముఖ్యం. కిమ్చిలో మిరప వేయడం గురించిన రాత 1766 నాటి గ్రంథంలో కనిపిస్తుంది. కనుక ఎర్రటి కిమ్చి, ఎర్రటి ఆవకాయ రెండూ మనం అనుకునేంత పాతవి కావు. రెండూ ఒకే ఓడల పిల్లలు. కొరియా భోజనశాలలో మొదటిసారి తిన్న గుంటూరు మనిషికి ఆ ఎరుపు పరాయిదిగా తోచకపోతే ఆశ్చర్యం లేదు. అయితే వారి కారంలో కొంత తీపి కలిసి ఉంటుంది. అది మాత్రం మనవారికి ఒక పట్టాన మింగుడు పడదు.

ఇప్పుడు సూరత్ బల్ల దగ్గరకు మళ్ళీ వద్దాం. ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చోలేదు?

మొదట, ఆ వెండి పళ్ళాలకు డబ్బు సమకూర్చినవారు కూర్చోలేదు. ఆనాటి సూరత్‌లో అందరికంటే ధనవంతుడు వీర్జీ వోరా అనే జైన వర్తకుడు. ఇంగ్లీషు కంపెనీ అతని దగ్గర మళ్ళీ మళ్ళీ అప్పు తెచ్చుకునేది. మిరియాలు, పగడాలు వంటి సరుకుల్లో అతను చెప్పిందే ధర. 1664లో శివాజీ సూరత్‌ను కొల్లగొట్టినప్పుడు భారీగా నష్టపోయినవారిలో అతనూ ఉన్నాడు. అంతటి వీర్జీకి కోఠీ వంటశాలలో తినదగ్గది ఏముంటుంది? నెమలి మాంసం ఉడికిన పొయ్యి మీద ఏది చేసినా జైనునికి నిషిద్ధమే. ముసలి, జబ్బు జంతువులకు ఆసుపత్రి నడిపిన ఊరది. ఓవింగ్టన్ దాన్ని చూసి ఆశ్చర్యపోయి రాశాడు. ఇంగ్లీషువారికి, దలాలీ బనియాలకు మధ్య నమ్మకం ఉంది, లక్షల బేరం ఉంది, సహపంక్తి మాత్రం లేదు. కలిసి వ్యాపారం చేయడానికి కలిసి తినవలసిన అవసరం లేదని సూరత్ నిరూపించింది. దీన్ని కొందరు సంకుచితం అంటారు. నాకు మాత్రం అందులో ఒక మర్యాద కూడా కనిపిస్తుంది. ఎవరి విస్తరి వారిదిగా ఉంచుకుని రెండు వందల ఏళ్ళు ఒకరితో ఒకరు వ్యవహారం నడిపారు.

రెండవది, ఆ బట్ట నేసినవారు కూర్చోలేదు. ఇది మర్యాద సంగతి కాదు. నేతగాడికి దలాలి ద్వారా బయానా ముట్టేది, బట్ట దలాలి ద్వారానే కోఠీకి చేరేది. వెండి పళ్ళెం ఎలా ఉంటుందో అతను చూసి ఉండడు.

మన దేశంలో డబ్బిచ్చి బయట తినడం కొత్త అనుకోవద్దు. మన తెలుగులోనే దానికి మంచి సాక్ష్యం ఉంది. వినుకొండ వల్లభరాయుడి పేరుతో ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి భోజనం వస్తుంది. ఒక్క రూక ఇస్తే సన్నబియ్యపు అన్నం, పప్పు, నెయ్యి, పిండివంటలతో భోజనం! గురజాడ కన్యాశుల్కంలోని పూటకూళ్ళమ్మ మీకందరికీ తెలుసు. అంటే బాటసారికి అన్నం అమ్మే ఇల్లు మనకు కనీసం ఆరువందల ఏళ్ళుగా ఉంది. కొరియాలో దీనికి సరిగ్గా సరిపోయేది జుమక్. సంతలకు వెళ్ళే దారుల మీద, రేవుల దగ్గర ఒక స్త్రీ నడిపే పూరిల్లు. వేడి పులుసులో అన్నం వేసి ఇచ్చే కుక్‌బాప్, సారా, పడుకోవడానికి వెచ్చని నేల. తేడా ఒకటి ఉంది. మన పూటకూళ్ళ ఇంట్లో వండేవారి కులం, తినేవారి కులం తెలిస్తే గాని విస్తరి పడేది కాదు. కొరియాలోనూ దొరలు, సామాన్యులు అనే అంతరం బలంగా ఉండేది గాని, పక్కవాడు తాకితే అన్నం మైలపడుతుందన్న భావన లేదు. మన దేశంలో సహపంక్తి భోజనాల కోసం ఇరవయ్యవ శతాబ్దంలో ఉద్యమాలే చేయవలసి వచ్చింది.

పరాయి వంటకు, మన ఆచారానికి మధ్య జరిగిన రాజీకి సూరత్‌లో ఒక రుచికరమైన నిదర్శనం ఉంది. డచ్చివారు 1825లో సూరత్ వదిలి వెళ్ళారు. వారికి రొట్టెలు కాల్చిన పార్సీలు ఆ పొయ్యిలను కొనసాగించారు. దోటీవాలా కుటుంబపు రొట్టెల అంగడి తన ఆరంభాన్ని 1861 నుండి లెక్కపెట్టుకుంటుంది. రొట్టె పిండి పొంగడానికి తాటికల్లు వాడేవారట. కల్లు, గుడ్డు ఉన్నాయన్న అనుమానంతో ఊళ్ళో హిందువులు, జైనులు ముట్టలేదు. అవి తీసేసి, పిండి, చక్కెర, నెయ్యితో చేసిన బిళ్ళను పెడితే ఊరంతా ఎగబడింది. అదే నాన్‌ఖటాయి అని అక్కడివారు చెప్పుకుంటారు. కథలో ఎంత పాలు నిజమో గాని పద్ధతి మాత్రం నిజం. సూరత్ పరాయి వంటను తిరస్కరించలేదు. షరతులు పెట్టింది.

ఇక మన కాలానికి వద్దాం. కొరియా భోజనశాల మన దేశానికి ఎలా వచ్చింది? మనం కోరుకుంటే రాలేదు. 1990ల మధ్య నుండి సామ్‌సంగ్, ఎల్‌జీ, హ్యుందాయ్ కంపెనీలు వచ్చాయి. 1996లో హ్యుందాయ్ తన భారత సంస్థను స్థాపించింది. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరు ప్రాంతంలో కర్మాగారం కట్టి 1998లో శాంట్రో కారును విడుదల చేసింది. వందల మంది కొరియా ఇంజనీర్లు వచ్చారు. వారికి ఇడ్లీ, సాంబారు ఎన్నాళ్ళు? కిమ్చి కావాలి, వేడి పులుసు కావాలి. వారి కోసమే చెన్నైలో కొరియా భోజనశాలలు లేచాయి.

అదే కథ మన అనంతపురం సీమలో పునరావృతమైంది. 2017 ఏప్రిల్‌లో కియా కంపెనీకి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఒప్పందం కుదిరింది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర, 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, 536 ఎకరాలలో కర్మాగారం కట్టారు. 2019లో సెల్టోస్ కారు బయటికి వచ్చింది. ఆ మండలం 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజధాని తరలివచ్చిన పెనుకొండ అది. వేరుశనగ, కరువు తప్ప మరొక మాట వినని ఆ ప్రాంతంలో, బెంగుళూరు హైవే పక్కన కొరియా లిపిలో భోజనశాలల బోర్డులు వెలిశాయి. రాగిసంగటి తినే పల్లె పక్కనే పంది మాంసం సాంగ్యప్‌సల్ కాలుతోంది. స్థానిక యువకులు ఆ వంటశాలల్లో పనికి కుదిరారు. పోర్చుగీసు వంటవాడి పక్కన నిలబడిన సూరత్ వంటవాడి స్థానం అది.

సూరత్‌కు కూడా ఈ దారి ఉంది. నగరం పక్కనే సముద్రం మీద హజీరా పారిశ్రామిక ప్రాంతం. సువాలీ తీరం అక్కడే. కొరియా సంస్థ హన్‌వా సాంకేతికతతో కె-9 వజ్ర అనే స్వయంచాలక శతఘ్నులను మన సైన్యానికి తయారుచేసే ఒప్పందం 2017లో లార్సెన్ అండ్ టూబ్రోకు దక్కింది. హజీరాలో తయారైన ఆ వంద శతఘ్నుల అప్పగింత 2021లో పూర్తయింది. 1612లో ఫిరంగులు పేలిన తీరంలోనే ఇవీ తయారయ్యాయి. దీన్ని కాకతాళీయం అనుకుంటే చాలు, ఎక్కువ అర్థం వెతకనక్కరలేదు.

ఇక్కడ నేను ఒక విషయం మీద కాస్త నిలవాలి. పరాయి ఊళ్ళో సొంత తిండి వెతుక్కోవడం ఇంజనీర్లకే కాదు, కూలీలకూ ఉంది. సూరత్ మరమగ్గాల మీద లక్షలాది వలస కార్మికులు బతుకుతున్నారు. వారిలో మన శ్రీకాకుళానికి ఆనుకుని ఉన్న గంజాం జిల్లా ఒడియావారు చాలా ఎక్కువ. తెలంగాణ జిల్లాల నుండి వెళ్ళిన పద్మశాలీలు కొన్ని తరాలుగా లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడ్డారు. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడుపుతూ వచ్చింది. ఒంటరిగా వచ్చిన గంజాం కార్మికులు మెస్ గదుల్లో ఉంటారు. పగటి షిఫ్టు వాడు లేచి వెళ్తే రాత్రి షిఫ్టు వాడు అదే చాప మీద పడుకుంటాడు. పన్నెండు గంటల పని. అన్నం, పప్పు, బంగాళాదుంప, ఎప్పుడైనా చేప. వారి ఊరి రుచిలో వండిపెట్టడమే ఆ మెస్‌కు ఉన్న ఒకే ఒక్క ఆకర్షణ. ఈ మెస్ గదులున్న పేటల్లో కతార్‌గామ్ చుట్టుపక్కల ప్రాంతమూ ఒకటి. అక్కడే ఇంగ్లీషు, డచ్చి కోఠీల పెద్దల గుమ్మటాల సమాధులు ఉన్నాయి. 1669లో చనిపోయిన జార్జ్ ఆక్సెండెన్, 1691లో చనిపోయిన వాన్ రీడ్ అక్కడ నిద్రిస్తున్నారు. సూరత్ వెళ్ళిన విద్యార్థులు ఆ గుమ్మటాలను చూసి వెనుతిరుగుతారు. ఆ చుట్టుపక్కల ఒక మెస్ గదిలోకి కూడా తొంగిచూడమని నేను చెబుతాను. కొరియా భోజనశాల, ఒడియా మెస్ ఒకే అవసరం నుండి పుట్టాయి. ఒకదానికి అద్దాల తలుపు వచ్చింది, మరొకదానికి కిటికీ కూడా రాలేదు.

బయటి తిండి మీద నమ్మకం గురించి కూడా సూరత్‌కు ఒక అధ్యాయం ఉంది. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు వ్యాధి బయటపడింది. కొద్ది రోజుల్లో లక్షలాది మంది ఊరు వదిలి పారిపోయారు. మరుసటి ఏడు నగరపాలక కమిషనరుగా వచ్చినవాడు తెలుగువాడైన సూర్యదేవర రామచంద్రరావు. చెత్త ఎత్తించడం, ఆక్రమణలు తొలగించడంతో పాటు ఆయన భోజనశాలల వంటగదుల మీద కూడా దృష్టి పెట్టాడు. మురికిగా ఉంటే పేరున్న హోటలయినా తలుపులు మూయించాడు. ముందు గది ఎంత తళతళలాడినా వెనుక గది సంగతి చూడాలన్న పట్టుదల ఆయనది. నగరం రెండేళ్ళలో దేశంలోని శుభ్రమైన నగరాల సరసన చేరింది. సూరత్ మనిషి బయట తినే అలవాటు మానకపోవడానికి ఇదీ ఒక కారణం.

2020 తరువాత పరిస్థితి మారింది. కరోనా కాలంలో ఇళ్ళలో కూర్చున్న మన పిల్లలు కొరియా ధారావాహికలు చూశారు. తెర మీద అందరూ ఎప్పుడూ ఏదో ఒకటి తింటూ ఉంటారు! చూసినవారికి ఆ రుచి ఏమిటో తెలుసుకోవాలనిపించింది. అంతవరకు కొరియా ఇంజనీరు కోసం ఉన్న భోజనశాల, మన కళాశాల విద్యార్థి కోసం తలుపు తెరిచింది. ఇది నిజంగా కొత్త దశ. కోఠీ బల్ల ఏనాడూ సూరత్ జనం కోసం తెరుచుకోలేదు.

మీరు ఒక కొరియా భోజనశాలలోకి వెళ్ళారనుకోండి. అడగకుండానే ఆరేడు చిన్న గిన్నెలు వస్తాయి. వీటిని బాన్‌చాన్ అంటారు. కిమ్చి, మొలకలు, పాలకూర, ముల్లంగి. వీటికి విడిగా ధర కట్టకపోవడం వారి దేశాచారం. అయిపోతే మళ్ళీ పెడతారు. మన విస్తరిలో పచ్చడి, కూర మారు వడ్డించినట్లే. చెంచా, పుల్లలు లోహంతో చేసినవి. పెద్దవారు చెంచా ఎత్తాకే చిన్నవారు ఎత్తాలి. పెద్దవారికి ఏదైనా పోసేటప్పుడు రెండు చేతులు వాడాలి. ఆకులో అన్నం, మాంసం చుట్టి ఒక్క ముద్దగా నోట్లో పెట్టుకోవడం చేత్తోనే.

శాకాహారి సూరత్ వర్తకుడు వెళితే? ఇక్కడే పాత కథ మళ్ళీ మొదలవుతుంది. కిమ్చి అంటే కూరగాయే కదా అని చాలామంది మోసపోతారు. సంప్రదాయపు కిమ్చిలో ఉప్పులో ఊరబెట్టిన చిన్న రొయ్యలు గాని, చేపల పులుసు గాని ఉంటాయి. పులుసుల్లో ఎండుచేపల కషాయం ఉంటుంది. అడిగి తెలుసుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి కూడా తినని జైనులకు మార్గమే లేదా అంటే, కొరియాలోనే ఉంది. అక్కడి బౌద్ధారామాలలో వెల్లుల్లి, ఉల్లి జాతికి చెందిన ఐదు ఘాటు మొక్కలను, మాంసాన్ని, చేపలను విడిచిపెట్టి వండే సంప్రదాయం శతాబ్దాలుగా సాగుతోంది. వారి కిమ్చిలోనూ రొయ్య ఉండదు, వెల్లుల్లి ఉండదు. బుద్ధుని వెంట మన దేశం నుండి వెళ్ళిన అహింస కొరియా కొండల్లో ఒక వంటశాలగా మిగిలింది. దుంపకూరల విషయంలో జైనులకు ఇంకా పట్టింపు ఉంటుంది. ముల్లంగి గిన్నెను పక్కకు జరుపుకోవలసిందే. మిగతా గిన్నెల ముందు వీర్జీ వోరా కూడా అభ్యంతరం లేకుండా కూర్చోగలిగేవాడు.